రబ్బరు మొక్కకు రోజూ నీళ్లు వద్దు: హైదరాబాద్ ఫ్లాట్‌లో దాన్ని పెంచే పద్ధతి

మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి తెలిసిన మొక్కల పెంపకం అంటే తులసికోటే. పొద్దున్నే స్నానం చేయడం, చెంబెడు నీళ్లు పోయడం, దణ్ణం పెట్టుకోవడం. ఆ అలవాటు చేతిలో ఉండిపోతుంది. హాల్లోకి ఒక రబ్బరు మొక్క తెచ్చుకున్నా సరే, లేవగానే మగ్గు పట్టుకుని దాని దగ్గరికే వెళ్తాం. తులసి ఎండలో ఉంటుంది, పోసిన నీళ్లు సాయంత్రానికి తాగేస్తుంది. టీవీ పక్కన మూలలో ఉన్న రబ్బరు మొక్క అలా తాగలేదు.

కూకట్‌పల్లిలో అద్దెకున్నప్పుడు నా మొదటి రబ్బరు మొక్క ఇలాగే పోయింది. కింది ఆకుతో మొదలై ఒక్కొక్కటే పసుపెక్కి రాలింది. ఆకు రాలినప్పుడల్లా నీళ్లు చాలట్లేదేమో అని ఇంకో మగ్గు పోశాను. నాలుగు నెలలకు కుండీలోంచి లాగి చూస్తే వేర్లు నల్లబడి, ఉడికిన తోటకూర కాడల్లా మెత్తగా చేతికొచ్చాయి. మురుగు వాసన. చాలా బాధేసింది, ఎందుకంటే నేను దాన్ని పట్టించుకోక కాదు, రోజూ పట్టించుకునే చంపాను.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నదానికి ఎనిమిదో ఏడు నడుస్తోంది. నా భుజం దాటింది. దీని దగ్గర నేర్చుకున్నది ఏంటంటే, ముందు వెలుగు చూసుకోవాలి, నీళ్ల సంగతి ఆ తర్వాత. వెలుగు ఎంత ఉంటే నీళ్లు అంత. కింద చెప్పేవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

మొక్కను ఎంచుకోవడం

శామీర్‌పేట, మొయినాబాద్ వైపు నర్సరీలకు వెళ్లినా, నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా పెట్టినప్పుడు వెళ్లినా రబ్బరు మొక్క దొరక్కపోవడం ఉండదు. గోదావరి గట్టున కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చేవి వీటిలో బోలెడు. ముదురాకుపచ్చ రకం ఒకటి, నలుపు అనిపించేంత ముదురు ఎరుపున్న బర్గండీ ఒకటి, ఆకు మీద క్రీమ్ రంగు మచ్చలుండే టినెకే ఒకటి. మొదటిసారి పెంచుతున్నవాళ్లు మొదటి రెండింట్లో ఏదో ఒకటి తీసుకోండి. మచ్చల ఆకులో పచ్చదనం తక్కువ కాబట్టి దానికి వెలుగు ఎక్కువ కావాలి. మన ఫ్లాట్లలో అంత వెలుగున్న మూల దొరకడం కష్టం.

పొడుగు చూసి కొనకండి. మూడడుగుల మొక్క కింద సగం బోడిగా ఉండటం కన్నా, కుండీ అంచు నుంచి కొస దాకా ఆకులున్న అడుగున్నర మొక్క నయం. ఆకు తిరగేసి చూడండి. కాడ కాండానికి అతుక్కునే చోట తెల్లటి దూదిలా ఉంటే అది పిండినల్లి. ఆ మొక్క అక్కడే వదిలేయండి. కొసన ఎర్రటి ములుకు ఒకటి నిటారుగా నిలబడి ఉంటే మొక్క పెరుగుతోందని అర్థం.

ఆ ములుకును ఒకసారి దగ్గరగా చూడండి. అది కొత్త ఆకును చుట్టుకుని ఉన్న తొడుగు. గులాబీ, ఎరుపు కలిసిన రంగు, మైనం పూసినట్టు మెరుపు. కొన్ని రోజులకు ఒక పక్కన చీలి, లోపలి నుంచి చుట్ట చుట్టిన తమలపాకులా లేతాకు విప్పుకుంటూ వస్తుంది. తొడుగు ఎండి, కాగితంలా నేల మీద పడుతుంది. మా పాప చిన్నప్పుడు ఆగలేక దాన్ని గోటితో ఒలిచింది. ఆ ఆకు ఇప్పటికీ ఒక వైపు వంకరగానే ఉంది. దాని మానాన దాన్ని విచ్చుకోనివ్వండి.

ఇంటికి తెచ్చాక వెంటనే కుండీ మార్చకండి. నర్సరీలో గ్రీన్ నెట్ కింద, చుట్టూ వందల మొక్కల చెమ్మలో పెరిగింది. మన గదికి అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా కింది ఆకులు ఒకటి రెండు రాలితే టెన్షన్ పడొద్దు. మీ దగ్గర ఇంతకుముందే మొక్కలుంటే ఈ రోజుల్లో దీన్ని వాటికి దూరంగా పెట్టండి, పురుగేదైనా ఉంటే బయటపడుతుంది.

చోటు

ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతా పొరపాట్లు చాలావరకు మొక్కే సర్దుకుంటుంది.

రబ్బరు మొక్కకు కావాల్సింది నేరుగా మీద పడని మంచి వెలుగు. హైదరాబాద్‌లో దానికి అన్నిటికన్నా మంచిది తూర్పు కిటికీ. పొద్దున ఎనిమిది, తొమ్మిది దాకా పడే లేత ఎండ దీనికి ఎంతో ఇష్టం. ఉత్తరం కిటికీ అయితే దానికి ఆనించినట్టు పెట్టండి. పడమర కిటికీ దగ్గర మాత్రం జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా వచ్చే ఎండకు, అద్దం వేడికి, ఆకు మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. అవి మళ్లీ పచ్చబడవు. పడమర తప్ప దిక్కు లేకపోతే పల్చటి తెల్ల కర్టెన్ వేసి, మొక్కను మూడడుగులు లోపలికి జరపండి.

మన ఇళ్లలో వెలుగు మనం అనుకున్నదాని కంటే తక్కువ ఉంటుంది. పైన సజ్జ, కిటికీకి గ్రిల్, దాని వెనక దోమల మెష్, ఎదురుగా నాలుగడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంట్ గోడ. ఒక్కొక్కటీ కొంత వెలుగు మింగుతుంది. మన కంటికి గది వెలుతురుగానే కనిపిస్తుంది, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. మొక్క సర్దుకోదు. చిన్న పరీక్ష ఒకటి చేయండి. పొద్దున పదకొండు గంటలకు లైట్లన్నీ ఆపి, మొక్క పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం పరిచి, దాని మీద జానెడు ఎత్తులో చెయ్యి పట్టండి. వేళ్ల నీడ విడివిడిగా కనిపిస్తే ఆ చోటు పనికొస్తుంది. నీడ మసగ్గా, ఒకే ముద్దలా ఉంటే చాలదు. నీడే పడకపోతే అక్కడ పెట్టకండి, ఎంత అందంగా ఉన్నా సరే.

ఏసీ గాలి నేరుగా తగిలే చోటూ, కూలర్ ఎదురుగా ఉండే చోటూ పనికిరావు. చల్లగాలి రోజంతా తగిలితే పచ్చగా ఉన్న ఆకులే టపటపా రాలిపోతాయి. చోటు కుదిరాక నెలకోసారి సోఫా సర్దినట్టు మొక్కను మార్చకండి. పదిహేను రోజులకోసారి కుండీని అక్కడికక్కడే పావు వంతు తిప్పితే చాలు, ఒక పక్కకే వంగిపోకుండా ఉంటుంది.

పాలు కారే చెట్టు ఇంట్లో ఉండకూడదని పెద్దవాళ్లు అంటారు. మా అత్తయ్య కూడా అన్నారు. ఆవిడ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక మొక్కను తూర్పు బాల్కనీలోకి మార్చాను. అక్కడ ఇంకా బాగా పెరిగింది. మీ ఇంట్లోనూ ఆ మాట వస్తే నీడ ఉన్న బాల్కనీ దీనికి మంచి చోటే.

నీళ్లు

ఈ మొక్క పుట్టిల్లు మన ఈశాన్య రాష్ట్రాల కొండలు. అక్కడి నుంచి బర్మా, మలేషియా, ఇండోనేషియా దాకా అడవుల్లో పెద్ద చెట్టుగా పెరుగుతుంది. మేఘాలయలో చిరపుంజి చుట్టుపక్కల ఖాసీ జనం వాగుల మీద చెట్టు వేర్లతో అల్లి పెంచే బతికున్న వంతెనలు ఈ చెట్టువే. అక్కడ ఏడాదికి 11,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాద్‌లో 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మరి అంత వానలో బతికే చెట్టు మన మగ్గు నీళ్లకు ఎందుకు చస్తుంది?

కారణం నీళ్లు కాదు, నిలవ. అక్కడ కొండ వాలు మీద పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. వేళ్లు రాళ్ల మీద పాకుతూ, గాల్లో వేలాడుతూ ఉంటాయి. వాటికి తడి ఎంత కావాలో గాలి కూడా అంతే కావాలి. కుండీలో, అందులోనూ వెలుగు తక్కువైన గదిలో, నీళ్లు మట్టి సందుల్లోని గాలిని తోసేసి అక్కడే కూర్చుంటాయి. వేరుకు ఊపిరాడదు, కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి పైన ఆకు వాడుతుంది. మనం దాహం అనుకుని ఇంకా పోస్తాం.

మొయినాబాద్ దగ్గర నర్సరీ అన్న నాకు చెప్పింది ఒక్కటే మాట: "అక్కా, దినాం పొయ్యకుండ్రి. వేలు పెట్టి చూసి పొయ్యిండ్రి." అదే పద్ధతి. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించండి. చల్లగా, వేలికి మట్టి అంటుకుంటే ఆ రోజు వద్దు. పొడిగా, వేలు దులిపితే రాలిపోయేలా ఉంటే పోయండి. పెద్ద కుండీ అయితే చీపురుపుల్ల లోతుగా గుచ్చి రెండు నిమిషాలు ఉంచి తీయండి, తడి ఎక్కడి దాకా ఉందో పుల్లే చెప్తుంది.

పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. రోజూ అరగ్లాసు పోస్తే పైమట్టి తడుస్తుంది, అడుగు వేరు ఎండుతుంది. మట్టంతా తడిసి, అడుగున రంధ్రాల్లోంచి నీళ్లు కారేదాకా నిదానంగా పోయండి. అరగంట ఆగి, ప్లేటులో చేరిన నీళ్లు పారబోయండి. ఆ ప్లేటు నీళ్లు వదిలేస్తే దోమలకూ చోటిచ్చినట్టే. మా తూర్పు బాల్కనీలో పదంగుళాల కుండీకి మే నెలలో ఐదారు రోజులకోసారి పడుతోంది, వానాకాలంలో పది రోజులకు, డిసెంబర్, జనవరిలో రెండు వారాలకు. ఇవి మా ఇంటి లెక్కలు. హాల్లో లోపలగా ఉంటే ఇంకా ఆలస్యంగా ఆరుతుంది, కాబట్టి తేదీ రాసుకోకండి, వేలినే నమ్మండి.

ఏ నీళ్లు అన్నది కూడా మన ఊళ్లో చూసుకోవాల్సిందే. కృష్ణా, మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలో ఇబ్బంది లేదు. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు ఉప్పెక్కువ. కొన్నాళ్లకు మట్టి పైనా, మట్టి కుండీ బయటా తెల్లటి పొర కడుతుంది, ఆకుల అంచులు గోధుమరంగులోకి తిరిగి పెళుసుగా ఎండుతాయి. అలాంటప్పుడు ఎండాకాలంలో ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. ఆ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. బోరు నీళ్లతో సగం సగం కలిపి పోయొచ్చు. తొలకరి వానలో కుండీని రెండు గంటలు బయట పెట్టినా పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది, ఆకులూ కడిగినట్టవుతాయి. వాటర్ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్లు మాత్రం వేస్ట్ అవుతున్నాయని మొక్కకు పోయకండి. ఫిల్టర్ వదిలేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

బియ్యం కడిగిన నీళ్లు, టీ పొడి పెరట్లో మొక్కలకైతే సరే. గదిలో కుండీకి వేస్తే వాసన, చిన్న నల్ల దోమలు పట్టుకుంటాయి.

ఆకులు తుడవడం

ఏదో ఒక వీధిలో ఎప్పుడూ కట్టడాలు జరుగుతూనే ఉండే ఊరు మనది. వారం ఊరుకుంటే ఆకు మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ము కింద ఆకు వెలుగు అందుకోలేదు, ఆకు రసం పీల్చే ఎర్రనల్లి పురుగు కూడా దుమ్మున్న ఆకునే ఇష్టపడుతుంది. పాత పంచె ముక్క తడిపి గట్టిగా పిండి, ఒక అరచెయ్యి ఆకు కింద ఆనించి, కాడ నుంచి కొస వైపు నెమ్మదిగా తుడవండి. అడుగు వైపు కూడా. రెండు వారాలకోసారి చాలు. మెరుపు కోసం కొబ్బరి నూనె, పాలు రాయమని కొందరు చెప్తారు. రాయకండి. నూనె మీద దుమ్ము ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, పాలు పూస్తే చీమలు వస్తాయి. శుభ్రంగా ఉన్న రబ్బరు ఆకు దానంతట అదే మెరుస్తుంది.

కుండీ, మట్టి, ఎరువు

అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికి వస్తున్నా, పోసిన నీళ్లు ఆగకుండా జర్రున కిందికి దిగిపోతున్నా కుండీ మార్చాలి. మామూలుగా రెండేళ్లకోసారి. జూన్ చివర నుంచి ఆగస్టు దాకా మంచి సమయం. ఇప్పుడున్న కుండీ కన్నా రెండంగుళాలు మాత్రమే పెద్దది తీసుకోండి. ఎలాగూ పెరుగుతుంది కదా అని ఒకేసారి పెద్ద తొట్టిలో పెడితే, వేరు అందుకోలేని మట్టి తడిగానే ఉండి కుళ్లు మొదలవుతుంది. చెయ్యి ఆపుకోలేక నీళ్లు పోసేవాళ్లకు మట్టి కుండీ మేలు, త్వరగా ఆరుతుంది. రంధ్రం లేని పింగాణీ కుండీ నచ్చితే మొక్కను ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి దాన్ని ఇందులో దించండి.

మట్టికి నా కొలత: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక్కో పాలు వర్మీ కంపోస్ట్, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ముతక ఇసుక. ఇప్పుడు దొరికేది ఎక్కువగా రాళ్లు దంచి తీసే రోబో ఇసుకే కాబట్టి అందులోని పొడి పోయేదాకా కడిగి వాడండి. లేదంటే ఇసుక బదులు పెర్లైట్, అంటే తేలికైన తెల్లటి గుళికలు. నల్లరేగడి వద్దే వద్దు. అడుగున గులకరాళ్ల వరస కూడా అక్కర్లేదు, రంధ్రం మీద ఒక పెంకు ముక్క బోర్లిస్తే చాలు.

పాత కుండీలోంచి తీశాక వేర్ల మధ్యలో ఒకసారి నొక్కి చూడండి. చాలా మొక్కలకు నడిమధ్యలో బంకమట్టి ముద్ద ఒకటి ఉంటుంది. చుట్టూ ఎంత మంచి మట్టి వేసినా ఆ ముద్ద రాయిలా ఎండనైనా ఎండుతుంది, తడిగానైనా ఉండిపోతుంది. బకెట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి, వేర్లు తెగకుండా వేలితో మట్టిని కొద్దికొద్దిగా రాల్చండి. ఒకే కుండీలో రెండు మూడు మొక్కలు కలిపి నాటి ఉంటే విడదీయడానికి కూడా ఇదే అదను.

ఎరువు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నెలన్నరకోసారి గుప్పెడు వర్మీ కంపోస్ట్, లేదా నెలకోసారి లీటరు నీటిలో ఒక గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు పొడి). చలికాలంలో ఏమీ వద్దు.

కత్తిరించడం, కొత్త మొక్కలు చేయడం

వదిలేస్తే రబ్బరు మొక్క కర్రలా నిటారుగా పైకే పోతుంది. గుబురుగా కావాలంటే కొస కత్తిరించాలి. వానాకాలంలో, సర్జికల్ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో, ఒక కణుపుకు కొంచెం పైన కోయండి. కోసిన మరుక్షణం తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా కారతాయి. ముందే కింద పాత పేపర్లు పరచండి, బట్టల మీద, మార్బుల్ మీద పడితే మరక వదలదు. తడిగుడ్డ కాసేపు అదిమి పట్టుకుంటే ఆగిపోతుంది. ఈ పాలు కొందరి చర్మానికి పడవు, కంట్లో పడితే మంట. చేతులు కడుక్కునేదాకా మొహం ముట్టుకోకండి. పాకే పిల్లలు, ఆకులు కొరికే పిల్లో కుక్కో ఉన్న ఇంట్లో మొక్కను అందనంత ఎత్తులో పెట్టండి. కొన్ని వారాలకు కోత కింది కణుపుల్లో ఎర్రటి మొటికల్లా కొత్త కొమ్మలు కనిపిస్తాయి.

ఒకప్పుడు అస్సాంలో ఈ పాల నుంచే రబ్బరు తీసేవాళ్లు. కేరళ తోటల్లో ఉండేది వేరే చెట్టు, బ్రెజిల్ నుంచి వచ్చింది. మనది మర్రి, రావి, మేడి కుటుంబం. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లను చూస్తే ఈ వేళ్ల బలం ఏపాటిదో తెలుస్తుంది. అందుకే ఎంత పెరిగినా కాంపౌండ్ గోడ పక్కన నేలలో మాత్రం నాటకండి.

కోసిన కొసను పారేయొద్దు. రెండు మూడు కణుపులుండేలా చూసి, కింది ఆకులు తీసేసి, పాలు కడిగి, తడి కోకోపీట్‌లో గుచ్చి, పైన పారదర్శకమైన కవరు కప్పి నీడలో ఉంచండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేరు పడుతుంది. ఒట్టి ఆకు గుచ్చితే వేర్లు వస్తాయి కానీ కణుపు లేనిదే కొమ్మ రాదు, ఏళ్లు గడిచినా అది ఒంటరి ఆకుగానే ఉంటుంది.

ఏదైనా తేడా కనిపిస్తే

ముందు మట్టిలో వేలు పెట్టండి, తర్వాతే ఆకు చూడండి. మట్టి తడిగా ఉండి కింది ఆకులు మెత్తగా పసుపెక్కుతుంటే నీళ్లు ఎక్కువైనట్టు. నీళ్లు ఆపి, వెలుగున్న చోటికి జరపండి. వారం తర్వాత కూడా రాలుతూనే ఉంటే కుండీలోంచి తీసి, నల్లటి మెత్తటి వేళ్లు కోసేసి, మిగిలినవాటికి సరిపోయే చిన్న కుండీలో కొత్త మట్టితో నాటండి. మట్టి ఎముకలా ఎండి ఆకులు వేలాడుతుంటే దాహమే, కుండీని అరగంట నీళ్ల టబ్బులో ఉంచితే తేరుకుంటుంది. కొత్త ఆకులు చిన్నగా, దూరం దూరంగా వస్తుంటే వెలుగు చాలడం లేదు.

పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్కటే తుడిచేయండి. ఆ తర్వాత లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ బాగా కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగున కూడా పడేలా కొట్టండి. వారానికోసారి, మూడు వారాలు. కాండం మీద గోధుమరంగు పొలుసుల్లా అతుక్కున్నవి కూడా పురుగులే, వాటిని గోటితో గీకి తర్వాత అదే మందు కొట్టండి.

ఊరెళ్లేటప్పుడు

సంక్రాంతికి ఊరెళ్తూ పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి "రోజూ కాసిని నీళ్లు పోయండి" అని చెప్పకండి. వాళ్లు మంచి మనసుతో పోసే ఆ నీళ్లే ముప్పు. జనవరి చలిలో పది, పన్నెండు రోజులు ఈ మొక్కకు ఏమీ అక్కర్లేదు. బయల్దేరే ముందు రోజు వేలు పెట్టి చూసి, ఆరి ఉంటేనే నిండా పోసి ప్లేటు ఖాళీ చేయండి. మే సెలవుల్లో అయితే దానికి తోడు కిటికీ నుంచి నాలుగడుగులు లోపలికి జరిపి కర్టెన్ వేయండి. రెండు వారాలు దాటేలా ఉంటే మాత్రం తెలిసినవాళ్లను మధ్యలో ఒక్కసారి రమ్మనండి, వేలు పెట్టి ఎలా చూడాలో ముందే వాళ్లకు చూపించండి. తిరిగొచ్చాక మొక్కను ఒకేసారి కిటికీ దగ్గరికి లాగకుండా, రెండు మూడు రోజుల్లో కొంచెం కొంచెంగా పాత చోటికి జరపండి.